తాడు విప్పని చెట్టు

మా ఊరి తెలుగువాళ్లలో ఒక కథ తిరుగుతోంది. మా పెరట్లో ఒక డాగ్‌వుడ్ చెట్టు ఉందనీ, నా భార్య ఏటా కార్తీకమాసంలో దాని మొదట్లో దీపాలు పెట్టి పెట్టి ఆ వేడికి దాన్ని ఎండబెట్టేసిందనీ. చెప్పేవాళ్లు నవ్వుతూ చెబుతారు, వినేవాళ్లూ నవ్వుతారు. టెక్సాస్‌లో, కాపెల్ అనే ఊళ్లో ఉన్న మా మనవరాలిదాకా వెళ్లిందా కథ. "తాతా, అమ్మమ్మ క్యాండిల్స్ పెట్టి ట్రీని కుక్ చేసేసింది కదా?" అని ఫోన్‌లో నన్నే అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్లమ్మ చెప్పింది విని అడిగింది. వాళ్లమ్మ నేను చెప్పింది విని చెప్పింది.

ఆ కథ పుట్టించినవాణ్ణి నేనే. ఎనిమిదేళ్ల కిందట, పట్టపగలు, ఇరవైమంది ఆడవాళ్ల ముందు గొంతు పెంచి మరీ పుట్టించాను. అది అబద్ధమని నాకు ఈ ఏప్రిల్‌లో తెలిసింది. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. బతికున్న మనిషి మీద వేసిన నిందయితే ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పొచ్చు. పోయిన మనిషి మీద వేసింది ఎలా దించాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ చెట్టు గురించి చెప్పాలి. మేముండేది నార్త్ కరోలినాలో. ఇక్కడ డాగ్‌వుడ్ పువ్వు రాష్ట్రపు పువ్వు. అలాగని ఆ చెట్టును సరిగ్గా చూసినవాళ్లు ఎంతమంది? మనవాళ్లు ఇరవై ఏళ్లుగా ఇక్కడ కార్లు నడుపుతూ రోడ్డు పక్కన తెల్లగా పూసిన దాన్ని చూసి 'ఏదో చెర్రీ చెట్టు' అంటారు. కోపం రాదా మరి? పెద్ద చెట్ల నీడలో ఒదిగి పెరిగే చిన్న చెట్టు అది. ముప్పై అడుగులు దాటడం అరుదు. ఏప్రిల్‌లో అడవి ఇంకా బోడిగా ఉండగానే, దాని కొమ్మలు మాత్రం అడ్డంగా, అంతస్తులు అంతస్తులుగా తెల్లబడతాయి. మనం పూరేకులనుకునే ఆ నాలుగూ నిజానికి రేకులు కావు. మన కాగితం పువ్వుకు ఉన్నట్టే, రంగు మారిన ఆకులు. అసలు పూలు వాటి మధ్యలో పచ్చగా, ఆవగింజలు గుంపుగా అతికించినట్టు ఉంటాయి. ఒక్కొక్క తెల్లరేకు కొసన చిన్న నొక్కు ఉంటుంది. ఆ నొక్కు దగ్గర నిప్పు తగిలి కమిలినట్టు గోధుమరంగు మచ్చ. ఆ మచ్చ పుట్టుకతో వచ్చింది. ఎవరూ కాల్చింది కాదు.

ఆకును గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది. రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా, నెమ్మదిగా చింపాలి. ఆకు రెండు ముక్కలవుతుంది గాని, ముక్కల మధ్య సన్నటి తెల్లని పోగులు సాగి, కింది ముక్క పై ముక్కను వదలకుండా వేలాడుతుంది. ఇది మొదటిసారి చేసి చూపించినప్పుడు నా భార్య చాలాసేపు ఆ ఆకును అలాగే పట్టుకుని నిలబడింది. "దీనికీ నారుందే" అంది.

నార అంటే మా ఇద్దరికీ తెలిసిన విషయం. మాది విజయనగరం దగ్గర. మా ఇంట్లో గోగు వేసేవాళ్లు. కట్టలు కట్టి గెడ్డనీళ్లలో, అంటే వాగునీళ్లలో, ఊరవేసి, కుళ్లాక నార ఒలిచి, పిడికిళ్లతో ఉతికి ఆరవేసేవాళ్లం. నా చదువు ఎనిమిదో తరగతితో సరి. తరవాత జూట్‌మిల్లులో చేరాను. మగ్గాల ఫిట్టర్‌నయ్యాను. నా భార్య అన్నగారు డాక్టరు, డెబ్బైల్లో ఈ దేశం వచ్చి స్థిరపడ్డారు. ఆయన పుణ్యాన మేమూ వచ్చాం. వచ్చింది డాక్టర్ల, ఇంజనీర్ల మధ్యకి. పండగ భోజనాల దగ్గర "మీరేం చేస్తుంటారు?" అని అడిగి, బట్టలమిల్లులో మగ్గాలు బాగుచేస్తానని చెప్పగానే పక్కవాళ్లవైపు తిరిగే పెద్దమనుషులను నలభై ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లలో ఒక్కరి మొహమూ మర్చిపోలేదు.

నాకొచ్చిన ఇంగ్లీషు మిల్లు మాన్యువళ్లు చదివి నేర్చుకున్నది. మిగతాదంతా ఊరి లైబ్రరీలో, ఆదివారాలు, చెయ్యి అడ్డం పెట్టి ఒక్కొక్క లైనూ చదువుకుంటూ వచ్చాను. చెట్ల గురించీ అక్కడే. ఇక్కడి మిల్లులో మొదటి రోజుల్లో ఒక ముసలి ఫోర్‌మన్ నా చేతిలో పాత షటిల్ ఒకటి పెట్టాడు. మన నేతగాళ్లు నాడె అంటారే, అది. అరచేతికి నూనె రాసినట్టు నున్నగా ఉంది. ఇది డాగ్‌వుడ్ కర్ర, ఎన్ని లక్షలసార్లు అటూ ఇటూ కొట్టుకున్నా పెచ్చు లేవదు, వాడేకొద్దీ నున్నబడుతుంది, నూలును తెంపదు అని చెప్పాడు. సుత్తుల పిడులకూ, దుంగలు చీల్చే మేకులకూ కూడా ఇదే కర్ర వాడేవారట. బెరడు కషాయం కాచి చలిజ్వరానికి తాగేవారట. అంత చిన్న చెట్టులో అంత గట్టి కర్ర ఉందని అప్పుడే తెలిసింది.

మిల్లు మూసేసిన సంవత్సరం మేము ఆ చెట్టు కొన్నాం. మగ్గాలన్నీ విప్పి వేరే దేశానికి ఓడల్లో పంపేశారు. ఆ విప్పే పనికి కూడా మమ్మల్నే పిలిచారు. ఇరవయ్యేళ్లు నేను బాగుచేసిన మగ్గాలను నా చేతే విప్పించారు. ఆఖరి రోజు ఇంటికొచ్చి రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య ఒకరోజు పొద్దున్నే కారు తాళాలు నా చేతిలో పెట్టి నర్సరీకి తీసుకెళ్లమంది. అక్కడ నేరుగా వెళ్లి ఈ చెట్టు ముందు నిలబడింది. "మీ నాడె చెట్టు ఇదే కదా. ఇంట్లో ఒకటుండాలి" అంది.

ఈ దేశంలో కాస్త ఎదిగిన చెట్టును అమ్మేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దతో సహా తవ్వి, గోనెపట్టాలో చుట్టి, తాడుతో బిగించి ఇస్తారు. ఆ తాడే మట్టిముద్ద మీంచి వచ్చి కాండం మొదట్లో రెండు చుట్లు తిరిగి ముడిపడి ఉంటుంది. మోసేటప్పుడు మట్టి రాలకుండా. నేను లైబ్రరీ పుస్తకంలో చెప్పినట్టే అన్నీ చేశాను. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు చూశాను. దీనికి పడమటెండ గిట్టదు. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి లోతుకన్నా వెడల్పు ఎక్కువుండేలా గొయ్యి తీశాను. మా ఎర్రబంకమట్టిలో ఆకుల ఎరువు కలిపాను. చెట్టును గోతిలో దింపాను.

ఆమె గట్టు మీద నిలబడి చూస్తోంది. "ఏటండీ, ఆ తాడు ఇప్పీకుండా పాతేస్తారేటి? దాని పీక బిగిసిపోదా?" అంది.

"నార సంగతి నాకు చెప్తావేటి నువ్వు? ఏడాది తిరక్కుండా చివికి మట్టయిపోద్ది" అన్నాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పుస్తకంలో ఉంది. చెట్టు గోతిలో నిలబడ్డాక కాండం చుట్టూ ఉన్న తాడు కోసెయ్యండి, గోనెపట్టా కిందికి మడిచెయ్యండి అని స్పష్టంగా రాసి ఉంది. చదివాను. చదివి నవ్వుకున్నాను కూడా. గెడ్డనీళ్లలో నడుంలోతు దిగి నార ఒలిచినవాణ్ణి, గోనెలు నేసే మిల్లులో పాతికేళ్లప్పుడే మగ్గాలు విప్పి బిగించినవాణ్ణి, నార ఎన్నాళ్లకు కుళ్లుతుందో అమెరికావాడు నాకు చెప్పేదేమిటనుకున్నాను. తాడు చూస్తే గోధుమరంగులో, పీచులు పీచులుగా, అచ్చం మా ఊరి నారతాడులాగే ఉంది. ముట్టుకుని చూడలేదు. మట్టి కప్పేశాను.

మూడేళ్లకు చెట్టు బాగా పుంజుకుంది. అప్పుడే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టి, ఆ నీడలో భోజనం చెయ్యాలి కదా. ఇక్కడ ఉసిరిచెట్టు బతకదు. కుండీలో ఒకటి పెంచింది, రెండో చలికే పోయింది. మా డాగ్‌వుడ్‌కు సరిగ్గా కార్తీకం వచ్చేసరికి ఆకులు ఎర్రబారి, కొమ్మకొమ్మకూ ఎర్రటి కాయలు గుత్తులు కడతాయి. నిగనిగలాడుతూ ఉంటాయి గాని నోట్లో పెట్టుకుంటే చేదు. పక్షులకు మాత్రం విందు. "ఉసిరి లేదని దేవుడు భోంచెయ్యకుండా పోతాడేటి, ఇక్కడే కూర్చోమందాం" అంది. ఆ ఏడు నలుగురొచ్చారు. తరవాతి ఏడు పన్నెండుమంది. ఆ తరవాత పెరడు నిండిపోయేది. ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ ఉసిరికాయలు ముందురోజే బయటపెట్టి, మెత్తబడ్డాక పైభాగం దొలిచి, నేతిలో తడిపిన వత్తి పెట్టి వెలిగించేది. పులిహోర, దద్దోజనం, ఎవరింటి కూర వాళ్లు తెచ్చుకునేవారు. ఎర్రటాకులు వాళ్ల భుజాల మీదా కంచాల్లోనూ రాలేవి. ఆ ఒక్కరోజూ మా ఇంట్లో నేను ఏం పని చేసేవాణ్ణని ఎవరూ అడగలేదు. అది ఆమె ఇల్లు, ఆమె చెట్టు.

పదో ఏటి నుంచి చెట్టు తగ్గడం మొదలైంది. ముందు పైకొమ్మ ఒకటి పూయలేదు. తరవాతి ఏడు ఆకులు చిన్నవయ్యాయి. ఆగస్టులోనే ఎర్రబారిపోయాయి. ముందే ఎర్రబడ్డాయని సంతోషించినవాళ్లు కూడా ఉన్నారు. చెట్టు ఆపదలో ఉన్నప్పుడే అలా తొందరపడుతుందని వాళ్లకేం తెలుసు. మొదట్లో బెరడు పగిలింది. డాగ్‌వుడ్ బెరడు ముదిరాక మొసలి చర్మంలా చదరాలు చదరాలుగా ఉంటుంది. చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని లోపల పల్చన. గడ్డి కోసే మెషీన్ తీగ తగిలినా గాయమవుతుంది, ఆ గాయంలోంచి పురుగు దూరుతుంది. ఇవన్నీ చదువుకున్నాను. చదువుకున్నవాడికి ఏదో ఒక కారణం కావాలి. చెట్టు చుట్టూ చూశాను. చెట్టు మొదట్లో ఏటా నిప్పు పెట్టేది ఒక్కరే కనిపించారు.

ఆ ఏడు కార్తీక ఆదివారం నాడు, ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నాక, ఆమె దీపం వెలిగిస్తుంటే నేను బయటికొచ్చాను. ఎందుకంత కోపం వచ్చిందో ఈరోజుకీ సరిగ్గా చెప్పలేను. ఎండిన కొమ్మను చూపించి, ఇది మీ దీపాల ఘనకార్యమని అన్నాను. ఇది ఉసిరిచెట్టు కాదు, దీని చర్మం పల్చన, ఏటా కూర్చుని దీన్ని ఉడకబెడుతున్నారని అన్నాను. ఎవరో అమ్మాయి "అంకుల్ బయాలజీ క్లాస్ స్టార్ట్ చేశారు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆగిపోయి ఉంటే బాగుండేది. నేను ఆమెవైపు తిరిగాను.

"పుస్తకం ముట్టుకోని మనిషికి చెప్పి ఏం లాభం. నీ భక్తి దీన్ని చంపేస్తంది" అన్నాను.

పండగ భోజనాల దగ్గర నా మీదికి వచ్చిన ఆ చూపు, ఆ రోజు నేను ఆమె మీద వాడాను. ఆమె వెలుగుతున్న ఉసిరికాయను చేత్తోనే తీసుకుంది. రెండో చెయ్యి గాలికి అడ్డం పెట్టుకుంటూ లోపలికి వెళ్లి వంటింటి కిటికీలో పెట్టింది. తిరిగొచ్చి అందరికీ వడ్డించింది. ఆ తరవాత ఏ కార్తీకంలోనూ ఆ చెట్టు కిందికి వెళ్లలేదు. దీపం ఆ కిటికీలోనే. ఆడవాళ్లు మరుసటి ఏటినుంచి పార్కులో పిక్నిక్ షెల్టర్ బుక్ చేసుకోవడం మొదలుపెట్టారు. చెట్లకు హాని అని బ్యాటరీ దీపాలు తెచ్చుకున్నారు. కథ అలా పాకింది.

దీపాలు మానేశాక చెట్టు కోలుకోవాలి కదా. కోలుకోలేదు. ఇంకా తగ్గింది. జరిగిన హాని జరిగిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. వేసవిలో గొట్టం వదిలి నెమ్మదిగా తడిపాను, తేమ నిలవడానికి ఏటా మొదట్లో బెరడుపొట్టు తెచ్చి పోశాను. ఈ ఊళ్లో పనివాళ్లు చెట్ల మొదట్లో ఆ పొట్టును పుట్టల్లా పోసి చంపుతున్నారని పక్కింటివాళ్ల మీద అరిచేవాణ్ణి. నా చెట్టు మొదట్లో పొట్టు నా కళ్ల ముందే ఏటా అంగుళం అంగుళం పైకి లేస్తుంటే నాకు కనిపించలేదు.

ఆమె పోవడానికి ముందు వేసవిలో ఒకరోజు, నేను బజారునుంచి వచ్చేసరికి ఆమె చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. చేతిలో పాత ఇనప అట్లకాడ. పొట్టు పక్కకు తోసి మట్టి తవ్వుతోంది. అప్పటికే ఆమెకు నాలుగడుగులు నడిస్తే ఆయాసం. నేను కేకలేశాను. వేళ్లు పైపైనే ఉంటాయని ఎన్నిసార్లు చెప్పాను, ఉన్న ప్రాణం కూడా తీసేస్తావా అన్నాను. "ఏటీ లేదండీ, ఊరికే చూస్తన్నాను" అంది. అట్లకాడ కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. తవ్విన చోట నేనే మట్టి పూడ్చి కాలితో తొక్కాను.

తరవాతి ఏప్రిల్‌లో ఆమె గుండె బాగా దిగజారింది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. చెట్టు ఆ ఏడు ఒక్క కొమ్మే పూసింది. "ఒక్కటైనా పూసింది కదండీ" అంది. ఆ పూలు రాలకముందే పోయింది.

ఈ ఏప్రిల్‌లో ఆ ఒక్క కొమ్మ కూడా సగమే పూసింది. మా అమ్మాయి ఫోన్‌లో "నాన్నా, దాన్ని కట్ చేయించేయ్, మీద పడితే సేఫ్ కాదు" అంది. నేను చెట్ల వైద్యుణ్ణి పిలిపించాను. అరవై దాటిన మనిషి, ఈ ఊరివాడే. వాళ్లమ్మ మా మిల్లులోనే నూలు వడికేదని మాటల్లో తెలిసింది. నేను అతనికి దీపాల కథ చెప్పాను. అతనికి కూడా. అతను విని చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలిన గుర్తేదీ లేదన్నాడు. చెట్టు కాండం నేలలోకి దిగేచోట వెడల్పవ్వాలి, ఇది స్తంభంలా నిటారుగా దిగింది, కింద ఏదో ఉందన్నాడు. గాలిని జోరుగా ఊదే గొట్టం ఒకటి తెచ్చాడు. దాంతో మట్టి లేస్తుంది, వేళ్లకు దెబ్బ తగలదు.

పొట్టు లేచింది, ఎర్రమట్టి లేచింది. జానెడు లోతు దిగాక తాడు కనిపించింది.

రెండు చుట్లు, పైన ముడి. ఇరవయ్యేళ్ల కిందట నేను పూడ్చింది పూడ్చినట్టే ఉంది. చెట్టు లావెక్కి, తాడు సాగక, కాండం దాని పైనా కిందా ఉబ్బి, మధ్యలో తాడు కండలోకి దిగిపోయింది. అతను పటకారుతో ఒక ముక్క లాగి నా చేతిలో పెట్టాడు. ఇది నార కాదని, నారలా కనిపించేలా చేసిన ప్లాస్టిక్ అనీ, ఇలాంటివి చాలా చూశాననీ చెప్పాడు. చెట్టు నిలబడ్డానికి ఇంకో రెండు మూడేళ్లు ఉండొచ్చు, బతకడం మాత్రం ఉండదన్నాడు. మంచి మనిషి. ఎవరు పాతారని అడగలేదు.

అతను వెళ్లాక ఆ ముక్కలోంచి ఒక పోగు తీసి, అగ్గిపుల్ల గీసి అంటించాను. ఏ మిల్లు కూలీకయినా మొదటి వారంలోనే నేర్పే పరీక్ష ఇది. నార అయితే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది కరిగి, ముడుచుకుని, నల్లటి పూసయింది. ప్లాస్టిక్ కంపు కొట్టింది. ఒక్క అగ్గిపుల్ల. ఆ రోజు గోతి గట్టున ఆమె అడిగినప్పుడు ఒక్క అగ్గిపుల్ల గీసి ఉంటే తెలిసిపోయేది. నిప్పు చెట్టును చంపిందని ఊరంతా చెప్పినవాణ్ణి, నిజం చెప్పగల నిప్పును మాత్రం అడగలేదు.

మట్టి ఊదిన చోట ఇంకొకటి కూడా బయటపడింది. నున్నటి పలకరాయి ఒకటి, ఇస్త్రీపెట్టె అంత. ఆమె దీపం ఆ రాయి మీదే పెట్టేది. దీపాలు మానేశాక దాని మీద నేనే పొట్టు పోసి కప్పేశాను. టేపు తెచ్చి కొలిచాను. కాండానికీ రాయికీ మధ్య నా చెయ్యి బారగా చాపినంత దూరం ఉంది. పుస్తకం ముట్టుకోని మనిషి, చెట్టుకు వేడి తగలకూడదని ఎంత దూరం ఉంచాలో అంత ఉంచింది. ఆ రాయిని ఏళ్ల తరబడి కళ్లతో చూశాను. కొలిచింది ఈ ఏడు.

అట్లకాడ కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ వేసవిలో ఆమె దేనికోసం తవ్విందో తెలిసి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అంతా వింది. తరవాత, చిన్నదానికి తనే చెబుతానంది. కాదు, నేనే చెబుతాను, ఫోన్ ఇవ్వమన్నాను. "సో ఇట్ వాజ్ యూ, తాతా?" అంది పిల్ల. అవునమ్మా అన్నాను. "ఓకే" అంది. ఆ పిల్లతో సులువుగానే అయింది.

పెద్దవాళ్లతో అంత సులువుగా కాలేదు. కార్తీకం వచ్చేదాకా ఆగాను. ఎక్కడ అన్నానో అక్కడ కాకపోయినా, ఎవరి ముందు అన్నానో వాళ్ల ముందు చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం తాడు ముక్క జేబులో పెట్టుకుని పార్కుకు వెళ్లాను. టేబుళ్ల మీద అల్యూమినియం ట్రేలు, బ్యాటరీ దీపాలు. నన్ను చూసి కుర్చీ వేశారు, ప్లేటు పెట్టబోయారు. వద్దని నిలబడే చెప్పాను. తాడు అందరికీ చూపించాను. దీపాలు కాదు, ఇదీ, ఇది నేను విప్పకుండా పాతాను, విప్పమని ఆవిడ ఆ రోజే చెప్పింది అన్నాను. మగ్గాల పక్కన మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎప్పుడూ పెద్దదే, ఆ రోజు సగంలోనే పోయింది.

"ఇట్స్ ఓకే అంకుల్, ఎవరూ ఏమీ అనుకోవట్లేదు" అంది ఒక అమ్మాయి. సగంమంది కొత్తవాళ్లు. వాళ్లకు నా భార్యే తెలియదు, కథ మాత్రం తెలుసు. అనుకోవట్లేదంటే నాకు ఒళ్లు మండింది. అనుకున్నారు కాబట్టే బ్యాటరీ దీపాలు అన్నాను.  ఒకామె తాడు ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని, పక్కవాళ్లకు జాగ్రత్తగా అందించింది.

మొదటి ఏడు మా పెరట్లోకి వచ్చిన నలుగురిలో ఒకావిడ ఇంకా వస్తోంది. గుంటూరువైపు మనిషి. నా భార్యకు ఈ దేశంలో అందరికన్నా దగ్గరైన స్నేహితురాలు. నన్ను కారుదాకా సాగనంపడానికి నా వెనకే వచ్చింది.

"ఆవిడకి తెలుసు అన్నయ్యగారూ" అంది.

నేను ఆగాను.

"తాడే అయ్యుంటది వదినా అని నాతో అంది ఒకసారి. మరి చెప్పొచ్చు కదా అన్నా. చెప్తే నమ్మరు, నమ్మితే తట్టుకోలేరు, వద్దులే అంది. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

నేను కారు తలుపు తీశాను. ఆవిడ పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యమని చెప్పి వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఆడవాళ్లందరి ముందు ఆమె అజ్ఞానమని నేను అన్నదాన్ని, నిజం తెలిసుండి మోసింది. నా చదువు విరిగిపోకూడదని.

చెట్టును కొట్టించలేదు. చావబోయే చెట్టు విరగకాస్తుందని చదివాను. నిజమే, ఈ ఏడు ఆ ఒక్క కొమ్మ నిండా కాయలే. ఒక దోసెడు కోసి, గుజ్జు తీసేసి, గింజలను తడి ఇసకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడు నాలుగు నెలలు చలి తగిలితే గాని మొలకెత్తవు. మొలిచినవి పూతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. నాకు డెబ్బైయారు. ఆ లెక్క చూసి వెయ్యడం మానలేదు. మొలిస్తే ఎవరైనా పట్టుకెళ్లండి. కుండీలోంచి తీశాక చుట్టూ ఏమున్నా విప్పి పాతండి. ఏదో ఒకటి కచ్చితంగా చివికిపోతుందని నాలాంటివాడు చెబితే వినకండి.

పార్కునుంచి వచ్చిన ఆ సాయంత్రం పొద్దుండగానే ఇండియన్ స్టోర్‌నుంచి ఉసిరికాయల ప్యాకెట్ తెచ్చాను. వేడినీళ్లలో వేసి మెత్తబరిచాను గాని, ఎలా దొలవాలో తెలియక రెండు కాయలు పాడుచేశాను. మూడోది కాస్త గిన్నెలా వచ్చింది. నెయ్యి పోసి, వత్తి పెట్టి, ఆమె రాయి మీద ఉంచి వెలిగించాను. గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి నిలిచింది. చెట్టు పక్కన నేల మీద కూర్చుని వత్తి పూర్తిగా కాలిపోయేదాకా చూశాను.

తరవాత చెయ్యి చాచి, దీపం వైపున్న బెరడు మీద అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది.